పిల్లలకి ఒంటరితనం ఏమిటండీ?

మొన్న ఉగాదికి సులైలో ఇస్తిరాహా అద్దెకి తీసుకుని మనవాళ్ళందరం కలిసిన సంగతి పాఠకులకి తెలిసిందే. పచ్చడి పంచుకున్నాం, పంచాంగం విన్నాం, పిల్లల పాటలూ డాన్సులూ అయ్యాయి. పులిహోర, బొబ్బట్లు కూడా అయ్యాక టీ గ్లాసులు పట్టుకుని అందరం ఒకచోట కబుర్లకి కూచున్నాం. ఆ కబుర్లలో ఒక తల్లి, మెల్లిగా, "మావాడు ఈ మధ్య బొత్తిగా మాట్లాడటం లేదండీ. బడిలో ఎవరితోనూ కలవడట. మధ్యాహ్నం టిఫిన్ డబ్బా కూడా ఒక్కడే మూల కూచుని తింటాడట. ఒంటరిగా అయిపోతున్నాడేమోనని భయంగా ఉంది" అన్నారు.

దానికి మనలో పెద్దవారొకరు, "పిల్లలకి ఒంటరితనం ఏమిటండీ? అప్పులున్నాయా, ఉద్యోగం పోతుందన్న బెదురుందా, కఫీలుతో తగాదాలున్నాయా? ఏసీ గదిలో కూచుని చదువుకోవడానికి వాడికేం కష్టం?" అన్నారు. అందరం నవ్వాం. మేమూ నవ్వాం. ఇంకేం చెయ్యాలో తెలియక ఆ తల్లి కూడా నవ్వారు. ఆ అబ్బాయి మాత్రం నవ్వలేదు. గుమ్మం పక్కన బూట్లు తొడుక్కుంటూ అంతా విన్నాడు.

ఆ నవ్వుకి మా వంతు ప్రాయశ్చిత్తంగా ఈ నాలుగు మాటలు రాస్తున్నాం. ఎవరినీ నొప్పించాలని మా ఉద్దేశం కాదు. అయితే ఎవరికీ నొప్పి కలక్కుండా చెప్పగలిగే సంగతి కూడా కాదిది. ముందుగా ఒక మనవి. ఈ వ్యాసంలో 'మేము' అన్నచోట మా ఇంటి సంగతి. 'మనం' అన్నచోట మీ ఇంటిని కూడా కలుపుకుని చదవండి.

అసలు "మా చిన్నతనంలో ఇవన్నీ ఉన్నాయా? ఇవి అమెరికా వాళ్ళు కనిపెట్టిన జబ్బులు" అనే వాదం మనలో చాలామందికి ఉంది. నిజానికి మన చిన్నతనంలోనూ ఉన్నాయి. పేరు వేరు, అంతే. దాన్ని మన అమ్మమ్మలు బెంగ అన్నారు. మేనమామ ఇంటినించి తిరిగొచ్చిన పిల్లవాడు నాలుగు రోజులు అన్నం సరిగ్గా ముట్టకపోతే, ఒళ్ళు వెచ్చబడితే, "వీడు మామయ్య కోసం బెంగ పెట్టుకున్నాడు" అని ఆవిడ తేల్చి చెప్పేది. "పిల్లలకి బెంగేమిటే?" అని ఎవరూ నవ్వేవారు కాదు. మామయ్యకి కబురు వెళ్ళేది, లేకపోతే పిల్లవాడినే మళ్ళీ బస్సెక్కించేవారు. ఒళ్ళు వెచ్చబడటానికి మనసు కారణం కావచ్చునని చదువురాని ముసలమ్మకి తెలుసు. ఇంజనీర్లం, డాక్టర్లం, ఎకౌంటెంట్లం అయిన మనకి తెలియలేదు.

పైగా ఆ రోజుల్లో బెంగకి మందు వీధిలోనే ఉండేది. బడినించి వచ్చి పుస్తకాల సంచీ పడేసి బయటికి పోతే దీపాలు పెట్టేదాకా ఇంటికి రానక్కర్లేదు. ఒకడితో కటీఫ్ అయితే మరొకడు దొరికేవాడు. సాయంత్రానికి ఆ మొదటివాడే మళ్ళీ దొరికేవాడు. అరుగు మీద ఎవరో ఒక తాతగారు ఉండనే ఉండేవారు. స్నేహం ఎలా చెయ్యాలో మనకెవరూ నేర్పలేదని మనం గొప్పగా చెప్పుకుంటాం. నేర్పనక్కర్లేకుండా ఊరే ఆ పని చేసిపెట్టిందన్న సంగతి మర్చిపోతాం.

ఇప్పుడు సులైలో మన పిల్లల రోజు చూడండి. (ఇండియాలో ఉన్న మన పెద్దవాళ్ళు కూడా ఇది చదువుతారు కనక చెబుతున్నాం: సులై అంటే రియాద్‌కి ఆగ్నేయంగా, రింగు రోడ్డు పక్కన, గోదాములూ, కార్ఖానాలూ, వాటికి రాత్రీ పగలూ తిరిగే లారీలూ ఉన్న పేట. అద్దెలు కాస్త తక్కువ కనక మాలాంటి వాళ్ళం ఇక్కడున్నాం.) తెల్లవారి ఆరు కాకుండానే వ్యాను వచ్చి నిలబడుతుంది. పిల్లలు నిద్రకళ్ళతో ఎక్కుతారు. అన్నాచెల్లెళ్ళయినా బడి ఒకటిగా ఉండదు. కొంచెం పెద్దయ్యేసరికి మగపిల్లల విభాగం ఒకచోట, ఆడపిల్లల విభాగం ఒకచోట. మధ్యాహ్నం ఇల్లు చేరి అన్నం తిని, నిద్రపోయి లేచి, ట్యూషను. కిందికి దిగి ఆడుకుందామంటే రోడ్డు మీద లారీలు. లారీలు లేని చోట ఎండ. వేసవిలో నలభై దాటిన ఎండలో కాలు బయటపెట్టమని మనమూ చెప్పలేం. తండ్రి ఆఫీసునించి వచ్చి స్నానం చేసి కూచునేసరికి రాత్రి ఎనిమిది. అప్పుడు ఇండియాలో పదిన్నర, నానమ్మ పడుకుని ఉంటుంది. పిల్లవాడు మాట్లాడదామనుకున్న వేళకి ఇటు తండ్రికి ఓపిక లేదు, అటు నానమ్మ మెలకువగా లేదు.

అంచేత, ఆ పెద్దవారు అడిగిన ప్రశ్నకి మా జవాబు ఇది. మన పిల్లలకి అప్పులూ ఉద్యోగాలూ లేని మాట నిజమే. కాని మన అప్పుల కోసం, మన ఉద్యోగాల కోసం మనం ఎంచుకున్న ఈ జీవితంలో మొదటి ఖర్చు వాళ్ళ ఖాతాలోంచే పోతోంది. ఆ సంగతి ఒప్పుకోవడానికి మనకి సిగ్గుగా ఉంది. నవ్వింది అందుకే.

ఇక్కడ రెండు మాటలు విడదీసి చూడాలి. ఒక్కడూ ఉండటం వేరు, ఒంటరితనం వేరు. మా చిన్నది కాగితం, రంగులు ఇస్తే మూడు గంటలు ఎవరూ అక్కర్లేకుండా కూచుంటుంది. అది ఏకాంతం. దాన్ని చెడగొట్టకూడదు కూడా. నలభైమంది ఉన్న తరగతిలో కూచుని, ఈ రోజు తను రాకపోతే ఎవరైనా గమనిస్తారా అని ఆలోచించేవాడిది ఒంటరితనం. రాబర్ట్ వైస్ అనే అమెరికన్ సామాజిక శాస్త్రవేత్త 1973లో ఈ విషయం మీద ఒక పుస్తకం తెచ్చాడు. మనసు విప్పి చెప్పుకోవడానికి దగ్గరివాళ్ళు ఒకరైనా లేకపోవడం ఒక రకం, తనని తమవాడుగా ఎంచే గుంపు లేకపోవడం ఇంకో రకం అని అందులో విడదీశాడు. ఒకదానికి పనికొచ్చే మందు రెండోదానికి పనిచెయ్యదని కూడా అన్నాడు. మన పిల్లల్లో కొందరికి ఒకటి లేదు, కొందరికి రెండూ లేవు.

షికాగో విశ్వవిద్యాలయంలో చాలా ఏళ్ళు ఒంటరితనం మీదే పనిచేసిన జాన్ కచియొప్పో ఇంకో మంచి మాట చెప్పాడు. ఆకలి, దాహం ఎలాంటివో ఒంటరితనమూ అలాంటిదేనట. తిండి కావాలని ఆకలి చెప్పినట్టు, మనిషి కావాలని ఒంటరితనం చెబుతుంది. పిల్లలకి ముందుగా చెప్పవలసింది ఇదే అని మా అభిప్రాయం. ఆకలేస్తే సిగ్గుపడతామా? "నాకు ఆకలేస్తోంది" అని వంటింట్లోకి వస్తారు కదా. "నాకు ఎవరూ లేనట్టుంది" అని కూడా అలాగే రావచ్చునని పిల్లలకి తెలియాలి. వచ్చినప్పుడు మనం నవ్వకూడదు.

ఇది మన ఇళ్ళల్లో మాత్రమే ఉన్న సంగతి అనుకునేవారికి ఇంకొక మాట. ప్రపంచ ఆరోగ్య సంస్థ నియమించిన సంఘం 2025 జూన్ చివర్లో తన నివేదిక ఇచ్చింది. ప్రపంచంలో ఆరుగురిలో ఒకరు ఒంటరితనంతో బాధపడుతున్నారని అందులో లెక్క. 13 నించి 29 ఏళ్ళ వాళ్ళలో 17 నించి 21 శాతం మంది ఒంటరిగా ఉన్నామని చెప్పారు. వాళ్ళలోనూ పదమూడు దాటి ఇరవై లోపు పిల్లల్లోనే ఇది అందరికన్నా ఎక్కువ. ఇది ముసలితనపు బాధ అనుకుంటూ వచ్చిన మనం, ఈ లెక్క చూశాకైనా నోరు తగ్గించుకోవాలి.

లోకానికంతటికీ ఉన్నదానికి తోడు గల్ఫ్ పిల్లలకి ప్రత్యేకంగా ఒకటుంది. వాళ్ళ స్నేహితులు మాయమైపోతారు. 2017 జూలైలో ఇక్కడ కుటుంబ సభ్యుల మీద రుసుము మొదలైంది. తలకి నెలకి 100 రియాళ్ళు. ఏటా మరో వంద చొప్పున పెరిగి 2020 నాటికి 400 అయింది. భార్య, ఇద్దరు పిల్లలు ఉన్న ఉద్యోగికి నెలకి 1,200, ఏడాదికి 14,400 రియాళ్ళు. ఆ మూడేళ్ళలో ఎంతమంది కుటుంబాలని ఇండియా పంపేసి, సామాన్లు అమ్ముకుని, బాచిలర్ గదుల్లోకి మారారో మనకందరికీ తెలుసు. మనం దాన్ని రియాళ్ళలో లెక్కపెట్టుకున్నాం. తరగతి గదిలో ఖాళీ అయిన బెంచీలని పిల్లలు లెక్కపెట్టుకున్నారు. ఆ వెంటనే 2020 మార్చిలో కరోనా వచ్చి బడులు మూసేశారు. పెద్ద తరగతులు 2021 ఆగస్టు చివర్లో తెరిచారు. చిన్నపిల్లలు మళ్ళీ బడి మొహం చూసింది 2022 జనవరిలో. స్నేహం చెయ్యడం నేర్చుకునే వయసులో రెండేళ్ళు కంప్యూటరు ముందు గడిపినవాళ్ళు ఇవాళ హైస్కూల్లో ఉన్నారు.

ఇక మా సొంత తప్పు చెప్పుకోవాలి. మూడేళ్ళ కిందట మా పై అంతస్తులో మనవాళ్ళే ఒక కుటుంబం ఉండేది. వాళ్ళ అమ్మాయీ మా పెద్దమ్మాయీ నాలుగో తరగతినించి ఒకే వ్యానులో, పక్కపక్క సీట్లలో వెళ్ళేవాళ్ళు. ఆ జూన్‌లో వాళ్ళ నాన్నగారి ఉద్యోగం పోయింది. ఫైనల్ ఎగ్జిట్ పడింది. "యూనిట్ టెస్టులున్నాయి. పిల్లలకి ఇప్పుడే చెప్పకండి, గోల పెడతారు" అన్నారు. మేమూ సరేనన్నాం. సెలవులకి వెళ్తున్నామని చెప్పే వాళ్ళు వెళ్ళిపోయారు. సెలవుల్లో బొమ్మలు వేసుకోమని మా అమ్మాయి తన రంగు పెన్సిళ్ళ డబ్బా ఆ పిల్లకి ఇచ్చింది, రాగానే తిరిగి ఇచ్చెయ్యాలని ఒట్టు పెట్టించుకుని.

వాళ్ళ ఫ్రిజ్ మేమే కొన్నాం. మూడొందల రియాళ్ళకి వచ్చింది, చవకే. దాని తలుపు మీద ఆ పిల్ల తన చెయ్యి అందినంత మేర స్టిక్కర్లు అంటించి ఉంచింది. మా అమ్మాయి చూడకముందే వేడి నీళ్ళతో తడిపి గీకేశాం. ఒకటి మిగిలిపోయింది, కింద మూల. మర్నాడే చూసింది. "ఇది వాళ్ళ ఫ్రిజ్ కదా?" అంది. "వాళ్ళు వచ్చాక కొత్తది కొనుక్కుంటారట" అన్నాం. "సెలవులయ్యాక వస్తుంది కదా?" అంది. "వస్తుందిలే" అన్నాం.

బడి తెరిచాక పది రోజులు మా అమ్మాయి వ్యానులో పక్క సీటు మీద తన సంచీ పెట్టి ఎవరినీ కూచోనివ్వలేదట. డ్రైవరు చెబితే మాకు తెలిసింది. పదకొండో రోజు పెద్ద తరగతి అమ్మాయి ఒకతె, "వాళ్ళు ఫైనల్ ఎగ్జిట్ కొట్టేశారు, నీకు తెలీదా?" అని అందరి ముందూ అందట. ఇంటికొచ్చి ఏడుస్తుందేమోనని చూశాం. ఏడవలేదు. సంచీ పెట్టేసి, నీళ్ళు తాగి, హోంవర్కు చేసుకుంది. "చూశారా, పిల్లలు ఇట్టే మర్చిపోతారు" అని మేం ఒకరితో ఒకరం చెప్పుకున్నాం. ఆ ఏడాది అర్ధంతరంగా తరగతిలోకి కొత్తగా గుంటూరు అమ్మాయి చేరింది. ఆ పిల్లతో స్నేహం చెయ్యరాదా అన్నాం. "ఎందుకు? అదీ వెళ్ళిపోతుంది. మీరు చెప్పరు" అంది.

ఈ మాటకి మా దగ్గర ఇప్పటికీ జవాబు లేదు. వెళ్ళిపోవడం మన చేతుల్లో లేదు. ఇకామా మన చేతుల్లో లేదు, ఉద్యోగం మన చేతుల్లో లేదు. చెప్పడం మన చేతుల్లో ఉంది. పిల్ల గోల పెడుతుందని, మనకి ఆ గోల వినే ఓపిక లేదని, చెప్పకుండా దాచాం. ఏడిస్తే మహా అయితే వారం రోజులు ఏడ్చేది. ఏడవనివ్వకపోబట్టి మూడేళ్ళుగా మనుషుల్ని నమ్మడం మానేసింది.

సరే, ఇప్పుడు మనలో వినిపిస్తున్న పరిష్కారాల సంగతి చూద్దాం. మేం వీటిల్లో దేనితోనూ ఏకీభవించడం లేదు.

మొదటిది, "ఫోను లాగేసుకుంటే అన్నీ సర్దుకుంటాయి" అనేది. ఫోను నిర్దోషి అని మేం అనడం లేదు. తనని పిలవని పుట్టినరోజు పార్టీ ఫోటోలు ఆ ఫోనులోనే పిల్లవాడు చూస్తాడు. కాని కరీంనగర్‌లో ఉన్న బావతోనూ, వెళ్ళిపోయిన స్నేహితుడితోనూ వాడికి మిగిలిన ఒక్క దారీ అదే. ఫోను తీసుకున్న చేత్తో వాడికి ఒక మనిషిని ఇవ్వండి. ఇవ్వలేకపోతే తీసుకోవడంలో అర్థం లేదు. పైగా భోజనాల దగ్గర ఫోను చూసేది ముందు మనం. ఆ మాట మా ఇంట్లో మా చిన్నదే అంది.

రెండోది, "ఇక్కడ ఒంటరిగా ఉంటే ఇండియాలో హాస్టల్లో వెయ్యండి, తోటిపిల్లలతో కలుస్తాడు" అనేది. ఏడో తరగతినించీ, ఎనిమిదో తరగతినించీ పిల్లల్ని విజయవాడకీ హైదరాబాదుకీ పంపుతున్నవాళ్ళు మనలోనే ఉన్నారు. గదికి ఇంతమంది, తెల్లవారుజామునించి స్టడీ అవర్లు, తల్లిదండ్రులతో మాట్లాడటానికి ఆదివారం కొద్ది నిమిషాలు, మార్కుల్ని బట్టి సెక్షన్లు. పక్కవాడు స్నేహితుడు కాదు, ర్యాంకులో పోటీదారు. విశాఖపట్నంలో నీట్ కోచింగ్ కోసం హాస్టల్లో ఉన్న 17 ఏళ్ళ అమ్మాయి 2023లో చనిపోయింది. ఆ కేసులో సుప్రీం కోర్టు 2025 జూలై 25న తీర్పు ఇస్తూ దేశంలోని విద్యాసంస్థలన్నిటికీ మార్గదర్శకాలు పెట్టింది. నూరుగురు లేక అంతకు మించి విద్యార్థులున్న ప్రతి సంస్థా అర్హత గల సలహాదారుని కనీసం ఒకరినైనా నియమించుకోవాలని, మార్కుల్ని బట్టి పిల్లల్ని విడగొట్టడం, నలుగురిలో అవమానించడం మానాలని చెప్పింది. దేశపు అత్యున్నత న్యాయస్థానం కలగజేసుకుని చెప్పవలసి వచ్చిన చోటుకి, ఒంటరితనం పోతుందని మనం పిల్లల్ని పంపుతున్నాం. చదువు కోసం పంపక తప్పనివాళ్ళని మేం తప్పుపట్టడం లేదు. కాని దాన్ని ఒంటరితనానికి మందు అని మాత్రం చెప్పుకోకండి.

మూడోది, "బడివాళ్ళు చూసుకోవాలి" అనేది. చూసుకోవలసిందే. కౌన్సెలర్ ఉండాలని సీబీఎస్‌ఈ నియమాల్లోనే ఉంది. మీ పిల్లల బడిలో ఉన్నారో లేదో, ఉంటే వారానికి ఎంతమంది పిల్లల్ని చూస్తున్నారో తల్లిదండ్రుల సమావేశంలో అడగండి. మేం గత ఏడాది దాకా అడగలేదు. మార్కులు, ఫీజులు, వ్యాను ఆలస్యం, ఈ మూడే అడుగుతూ వచ్చాం. ఇంకో సంగతి. కౌన్సెలర్ దగ్గరికి పంపారని తెలిస్తే "మా పిల్లకి పిచ్చా?" అని బడిమీదికి పోట్లాటకి వెళ్ళేదీ మనమే.

నాలుగోది మన సంఘం చేస్తున్నది. ఇది చెప్పడం మాకు కష్టంగా ఉంది. ఏడాదికి మూడు కార్యక్రమాలు, ప్రతిదాంట్లోనూ పిల్లల అంశాలు. మనం చాలా శ్రమపడి చేస్తున్నాం. కాని ఒకసారి గుర్తు చేసుకోండి. పిల్లలు స్టేజీ మీద ఉంటారు, లేకపోతే ఫోటోలో ఉంటారు. స్టేజీ దిగగానే అమ్మ దగ్గరికి పరుగెత్తి ఎలా చేశానని అడుగుతారు. పక్కన డాన్సు చేసిన పిల్ల పేరు తెలుసా అని ఈ ఉగాదికి మేం ఇద్దరు ముగ్గురిని అడిగాం. ఒక్కరికీ తెలియదు. నెల రోజులు కలిసి రిహార్సలు చేసినవాళ్ళే. ఇప్పుడు పిల్లలకి ధైర్యం చెప్పడానికి ఊరినించి ఎవరో ఉపన్యాసకుడిని పిలిపించాలని కార్యవర్గం ఆలోచిస్తోందని విన్నాం. దయచేసి ఆ ఖర్చు పెట్టకండి. ఒంటరిగా ఉన్న పిల్లవాడికి గెలవడం ఎలాగో చెప్పే పెద్దమనిషి అక్కర్లేదు. వాడి టిఫిన్ డబ్బాలోంచి ఒక ముక్క తీసుకునే ఈడువాడు కావాలి.

ఊరికే జనాన్ని ఒకచోట పోగెయ్యడం చాలదని పరిశోధకులు కూడా చెప్పారు. ఒంటరితనం తగ్గించడానికి లోకంలో చేసిన ప్రయత్నాలని పోల్చి చూసి కచియొప్పో, ఆయన తోటివాళ్ళు 2011లో ఒక సమీక్ష ప్రచురించారు. నలుగురినీ కలిపే అవకాశాలు పెంచడం కన్నా, ఒంటరిగా ఉన్న మనిషి ఎదుటివాళ్ళని అర్థం చేసుకునే తీరు మార్చడంవల్ల ఎక్కువ ఫలితం కనిపించిందని తేల్చారు. ఇది పిల్లల్లో మనం రోజూ చూసేదే. కొన్నాళ్ళు ఒంటరిగా ఉన్న పిల్లకి ప్రతి నవ్వూ తనని చూసి నవ్వినట్టే ఉంటుంది. పలకరించనివాళ్ళంతా కావాలనే పలకరించలేదనిపిస్తుంది. అందుకని తనూ పలకరించదు. అవతలి పిల్ల "దానికి పొగరు" అనుకుంటుంది. అక్కడితో ఇద్దరికీ తలుపు మూసుకుంటుంది.

ఈ తలుపు తీయడం ఇంట్లో నేర్పవచ్చు, పెద్ద చదువు అక్కర్లేదు. "అందరూ నన్ను చూసి నవ్వారు" అని పిల్ల వచ్చి చెబితే, "అబ్బే, అదేం లేదు" అని కొట్టిపారెయ్యకండి. "ఎవరెవరు? ఎప్పుడు? ఇంకే కారణానికైనా నవ్వి ఉంటారా? రేపు వాళ్ళల్లో ఒక్కరిని పెన్సిల్ అడిగి చూస్తావా?" అని అడగండి. నలుగురితో కలవమని చెప్పకండి, ఒక్కరు చాలు. మా అమ్మాయితో ఆర్నెల్లనించీ ఇదే చేస్తున్నాం. ఆ గుంటూరు పిల్లతో ఇప్పుడు మాట్లాడుతోంది. సీటు పక్కన సంచీ పెట్టడం మానేసింది. ఇంతకన్నా గొప్ప ఫలితం చెప్పాలంటే అబద్ధం చెప్పాలి.

సంఘానికి, మన ఇళ్ళకి మా సూచనలు ఇవి. మొదటిది, వెళ్ళిపోయే సంగతి పిల్లలకి చెప్పండి. ఎగ్జిట్ ఖాయమైన రోజునే చెప్పండి. మనవాళ్ళలో ఏ పిల్ల వెళ్ళిపోతున్నా, ఆ పిల్ల స్నేహితులందరినీ ఒక సాయంత్రం కూచోబెట్టండి. ఫోటో తీయించుకోనివ్వండి, అడ్రసులు రాసుకోనివ్వండి, ఏడవనివ్వండి. పెద్దవాళ్ళకి వీడ్కోలు సభలు పెట్టి శాలువాలు కప్పుతున్నాం కదా. పిల్లలకి శాలువా అక్కర్లేదు, చెప్పి వెళ్తే చాలు.

రెండోది, కొత్తగా వచ్చిన ప్రతి పిల్లకీ మొదటి నెల ఒక జతగాడిని అప్పగిద్దాం. ఒకే బడి, వీలైతే ఒకే వ్యాను. ఆ బాధ్యత మోసే పిల్లవాడికి కూడా ఇది మందే. తనకి ఎవరూ లేరని బాధపడేవాడికి, తన కోసం ఎదురుచూసేవాడు ఒకడుంటాడు.

మూడోది, వారానికొకసారి, శుక్రవారమో శనివారమో, ఒక ఇల్లు పిల్లలకి వదిలేద్దాం. పాటలు లేవు, పోటీలు లేవు, బహుమతులు లేవు, ఫోటోలు లేవు. క్యారమ్స్ బోర్డు, మరమరాలు చాలు. పిల్లల్ని దింపడానికి మగవాళ్ళకి తీరికలేదన్న సాకు చాలాకాలం చెల్లింది. 2018 జూన్ 24 నించి ఈ దేశంలో ఆడవాళ్ళు కారు నడపవచ్చు. మన ఇళ్ళల్లో ఎంతమంది ఆడవాళ్ళకి లైసెన్సు ఉంది? ఎంతమంది మగవాళ్ళు తాళాలు ఇస్తున్నారు? ఇది కూడా పిల్లల ఒంటరితనంలో భాగమే.

నాలుగోది, రోజుకి పది నిమిషాలు. మార్కులు అడక్కుండా, సలహా ఇవ్వకుండా, "ఇవాళ ఎవరి పక్కన కూచున్నావు?" అని మాత్రం అడిగి, చెప్పింది వినడం. మేం మొదట్లో నాలుగు నిమిషాలకే సలహాలోకి దిగేవాళ్ళం. అలవాటు కావడానికి నెల పట్టింది.

ఇంత చేసినా కొందరు పిల్లలకి చాలదు. రెండు మూడు వారాలు దాటినా నిద్ర పట్టకపోయినా, తిండి తగ్గినా, బడికి వెళ్ళనని మొండికేసినా, బతకడం ఎందుకన్న మాట ఒక్కసారైనా నోటినించి వచ్చినా, ఆలోచిస్తూ కూచోకుండా డాక్టరు దగ్గరికి తీసుకువెళ్ళండి. ఇండియాలో హాస్టల్లో ఉన్న పిల్లల చేత 14416 నంబరు రాసి పెట్టించండి. 2022 అక్టోబరులో మొదలైన టెలీ మానస్ అది. ప్రభుత్వానిది, ఉచితం. ఇందులో పరువు పోయేదేమీ లేదు. జ్వరం వస్తే దాచుకుంటామా?

ఉగాది అయిన తరవాతి శుక్రవారం మేం ఆ అబ్బాయి ఇంటికి వెళ్ళాం, మా పిల్లల్ని కూడా తీసుకుని. "ఆ రోజు నువ్వు వింటుండగా మేం నవ్వాం, తప్పయిపోయింది" అన్నాం. "పర్లేదు అంకుల్, పర్లేదు ఆంటీ" అన్నాడు. పర్లేదు అనడం మన పిల్లలకి బాగా అలవాటైపోయింది. వాళ్ళు అలా అన్నప్పుడల్లా మనం నమ్మేస్తున్నాం, ఎందుకంటే నమ్మితే మనకి పని తగ్గుతుంది.

కార్యవర్గం ఏం నిర్ణయించినా, నిర్ణయించకపోయినా, వచ్చే శుక్రవారం సాయంత్రం నాలుగింటినించి ఎనిమిదింటిదాకా సులైలో మా ఫ్లాటు తలుపు తీసి ఉంటుంది. ఆ అబ్బాయి వస్తానన్నాడు. మీ పిల్లల్ని కూడా పంపండి. ఆ మొదటి వాదం చేసిన పెద్దవారిని కూడా ప్రత్యేకంగా పిలుస్తున్నాం. క్యారమ్స్‌లో నాలుగో చెయ్యి ఎప్పుడూ తక్కువవుతోంది.